తవుడుకి అమ్మిన పిల్ల

నా కూతురు పుట్టిన పదకొండో రోజున దాన్ని అమ్మేశాను. కొన్నది సంతబొమ్మాళి అవతల సముద్రం ఒడ్డున ఉండే ఒకావిడ. ఎండుచేపలు తట్టలో పెట్టుకుని టెక్కలి వచ్చి ఇల్లిల్లూ తిరిగి అమ్ముకునేది. దాని ధరగా ఆవిడ ఇచ్చింది తవుడు, గేదెల కుడితిలో కలిపే తవుడు.

మా వైపు ఇది తెలియనివాళ్లు ఉండరు. వరసగా పిల్లలు పోయిన ఇంట్లో మళ్లీ బిడ్డ పుడితే, పిల్లలు నిలిచిన మరో ఆడదానికి ఆ బిడ్డని తవుడుకి అమ్మేస్తారు. పేరులోనే తవుడు ఉన్న మనుషులు వీధికి ఇద్దరైనా కనిపిస్తారు. వాళ్లంతా అలా అమ్ముడుపోయి బతికినవాళ్లే. బిడ్డ ఎక్కడికీ పోదు, తల్లి ఒళ్లోనే పెరుగుతుంది. పేరుకి మాత్రం కొన్నావిడ బిడ్డ. కన్నతల్లి బిడ్డ కోసం వెతుక్కుంటూ వచ్చేది ఏదైనా ఉంటే, ఆవిడకి బిడ్డే లేదని తెలుసుకుని వెనక్కి పోవాలి. అంతే కిటుకు.

ఎందరో తల్లులు చేసిన పనే. అందులో ఎవరూ చెయ్యని తప్పు నేను చేశాను. బేరమాడాను.

దానికి మా పుట్టింటిని అనాలి. మా నాన్నది కాశీబుగ్గలో కిరాణా కొట్టు. పప్పు బస్తాకీ బెల్లం బుట్టకీ మధ్య కూర్చుని అక్షరాలు దిద్దాను. జీడిపిక్కలు కొట్టి, వేళ్లు నల్లబడి సాయంత్రం సరుకులకి వచ్చే ఆడవాళ్లు చెప్పులు విడిచే తీరు చూసి, ఎవరు కొంటారో ఎవరు కబుర్లకి వచ్చారో చెప్పేసేదాన్ని. నాన్న నాకు నేర్పింది ఒకటే.

"ధర సెప్పేక నోరు మూసుకోవాల. ముందు మాటాడినోడే ఓడిపోతాడు."

నాకు ఆ మూసుకోవడం ఒక్కటే రాలేదు. అయినా గెలిచేదాన్ని, ఎదుటివాళ్లు విసిగిపోయి ఇచ్చేసేవాళ్లు కాబట్టి. టెక్కలి నుంచి పెళ్లిచూపులకి వచ్చినప్పుడు మా అత్త కట్టుకున్న చీర అంచు పట్టుకు చూసి, ఎంతకి కొన్నారని అడిగి, మోసపోయారని చెప్పాను. వాళ్లది బట్టల కొట్టు. ఆ చీర వాళ్ల కొట్లోదే. పెళ్లయ్యాక ఏడాది దాకా అత్త నాతో అవసరానికి మించి మాట్లాడలేదు.

మొదటి బిడ్డ మగపిల్లవాడు. పంతొమ్మిది రోజులు ఉన్నాడు. ఒక పొద్దున పాలు తాగడం మానేశాడు. ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టరమ్మ చూసి, పెద్ద ఊరికి తీసుకెళ్లినా లాభం ఉండదేమోనంది. ఎంతైనా ఇస్తామన్నాను. పుట్టి బుద్ధెరిగాక "ఎంతైనా" అన్న మాట నా నోట రావడం అదే మొదలు. ఆవిడ తల వంచుకుంది. అటువైపు నుంచి ధర రాకపోతే ఏం చెయ్యాలో మా నాన్న నాకు చెప్పలేదు.

రెండోది ఆడపిల్ల. మూడు రోజులు. దాని గురించి రాయడానికి నా దగ్గర ఏమీ లేదు. ఆ మూడు రోజుల్లో అది నాకేసి ఒకసారి చూసిందనుకుంటాను. పురిటి పిల్లల చూపు అంత దూరం ఆనదని తర్వాత ఎవరో అన్నారు.

పిల్లలు పోయినా పాలు పోలేదు. రెండోసారి నెల తిరక్కుండానే కొట్లో కూర్చున్నాను, ఇంట్లో ఉండలేక. ఒకరోజు నందిగాం వైపు నుంచి ఒక రైతు కుటుంబం పెళ్లిబట్టలకి వచ్చింది. చీరలు పరిచి, అంచులు చూపించి, బేరం మంచి పట్టులో ఉంది. వాళ్ల చంకలోని పిల్ల ఏడ్చింది. నా జాకెట్టు తడిసిపోయింది. కొంగు నిండా కప్పుకుని వాళ్లు అడిగిన ధరకే ఇచ్చేసి లోపలికి పోయాను. మా ఆయన వెనకాలే వచ్చి ఏమైందని అడిగి, కొంగు చూసి, తిరిగి కొట్లోకి వెళ్లాడు. ఆ తర్వాత చాలా కాలం వీధిలో ఏ పిల్ల ఏడ్చినా నా ఒళ్లు నాకన్నా ముందు లేచేది. ఒక్కోసారి ఎవరూ ఏడవకపోయినా లేచేది. పెరట్లోకి వెళ్లి చెవి ఒగ్గేదాన్ని. గాలికి కొబ్బరాకులు ఒరుసుకునే చప్పుడు తప్ప ఏమీ ఉండేది కాదు.

మూడోసారి నెల తప్పినప్పుడు ఎవరికీ చెప్పలేదు. అత్త పసిగట్టింది. ఏమీ అడక్కుండా చేపలావిడ కోసం చూసింది. ఆవిడకి ఆరుగురు పిల్లలు, ఆరుగురూ నిలిచారు. పెరటి గుమ్మంలో తట్ట దించగానే అత్త ఆవిడతో చాలాసేపు గొంతు తగ్గించి మాట్లాడింది. తర్వాత నా దగ్గరికొచ్చి కూర్చుంది.

"ఈపాలి పుట్టింది పుట్టినట్టే ఆ యమ్మకి అమ్మేత్తాం. అయిదో ఏడు ఎల్లేక మల్లీ కొనుక్కుందువు. అంతవరకూ అది నీది కాదు. నా కూతురని గాని, నా కొడుకని గాని నీ నోటంట రాకూడదు. నిన్ను అమ్మా అనకూడదు."

"మరేటనాలి?"

"పిన్నీ అంతాది. పాలిచ్చిన పిన్నివి."

తొంభైతొమ్మిదిలో పుట్టింది నా కూతురు. పదకొండో రోజు పొద్దున పెరట్లో పెంటకుప్ప పక్కన చేట పెట్టి, అందులో పాత గుడ్డ పరిచి, బుగ్గన మసిబొట్టు పెట్టి పిల్లని పడుకోబెట్టారు. చుట్టూ వీధిలోని ఆడవాళ్లు నలుగురు. నేను చెప్పాల్సింది ఒకే మాట అని ముందురోజంతా అత్త నాకు నేర్పింది. ఆవిడ అడుగుతుంది. నేను "తీసుకో" అనాలి. ఏడవకూడదు, నవ్వకూడదు.

ఆవిడ తవుడు మూట దించి, సోల నిండా ముంచి నా ముందు పెట్టింది.

"ఓలమ్మా, ఈ గుంటని నాకిత్తావేటి? సోలెడు తవుడిత్తాను."

నేను పిల్ల వైపు చూశాను. ఒక పిడికిలి గుడ్డలోంచి బయటికొచ్చి సగం విచ్చుకుని ఉంది. దాన్ని చూసి సోల వైపు చూశాను. నోరు దానంతటదే తెరుచుకుంది.

"సోలెడేటప్పా? ఈ గుంటకి సోలెడేనేటి? కుంచెడైనా ఎయ్యకపోతే ఎలాగ?"

ఆడవాళ్లు గొల్లున నవ్వారు. చేపలావిడ కూడా నడుం పట్టుకుని నవ్వింది.

"నీకు బేరం తప్ప మరోటి రాదేటి? తీస్కో, మూటంతా తీస్కో" అని మూట విప్పి మొత్తం కుమ్మరించింది. తవుడు దుమ్ము లేచి పిల్ల కనురెప్పల మీద పడింది. తుమ్మింది. నిండు నూరేళ్లని ఎవరో అన్నారు. ఆవిడ పిల్లని ఎత్తుకుని, మూడడుగులు నడిచి, "ఇది నా గుంట, పెంచడానికి నీ కాడ ఒగ్గేత్తన్నాను" అని నా చేతుల్లో పెట్టింది.

అత్త మాత్రం నవ్వలేదు. అందరూ వెళ్లాక చేటలో తవుడు ఎత్తుతూ అంది.

"ఏటి సేసినావే? ఇది ఎందుకూ కొరగాని గుంటని సూపించడానికి గదా సోలెడు. నువ్వు దాని ఇలువ అందరికీ సాటినావు."

నేను కొట్లో పెరిగినదాన్ని. ఆ మాట నాకు వెంటనే అర్థమైంది. ప్రతి కొట్లోనూ ఒక రకం గిరాకీలు ఉంటారు. ధర అడగరు. మూలన నిలబడి ఏదో బట్ట తడుముతూ, పక్కవాళ్లకి చెప్పే ధరలు వింటారు. ఏది మంచి సరుకో అలా తెలుసుకుని పోతారు. మళ్లీ వస్తారు. ఆ రోజు మా పెరట్లో నలుగురే ఉన్నారని అందరూ అంటారు. నేను ఎప్పుడు తలుచుకున్నా గోడ పక్కన ఇంకొకరు నిలబడి ఉన్నారనిపిస్తుంది.

అలా తల్లినయ్యాను. తల్లి అయ్యాక ఆడది మారిపోతుందంటారు. నేను మారింది ఇలా: పెద్ద గొంతుదాన్ని, గుసగుసలాడటం నేర్చుకున్నాను. పిల్ల బాగుందని ఎవరైనా అంటే, "ఏం బాగు, ఒట్టి నల్లగుంట, తిండి సయించదు" అనేదాన్ని. సరుకుని తక్కువ చేసి చెప్పడం అంతకు ముందు కొనేటప్పుడే చేసేదాన్ని. ఇప్పుడు ఇంట్లో ఉన్నదాన్నే తక్కువ చేస్తూ బతికాను. దానికి కొత్త బట్ట కుట్టించలేదు, బట్టల కొట్టు పెట్టుకుని. పెద్ద ముక్కలు అమ్మగా మిగిలిన పేలికలతో గౌన్లు కుట్టాను. ఒళ్లు వెచ్చబడితే, వెచ్చబడిందని బయటికి చెప్పకుండా గుట్టుగా మందు తెచ్చేదాన్ని. జ్వరం వచ్చిన ప్రతిసారీ ఆ కుంచెడు తవుడే గుర్తొచ్చేది. సోలెడుకే ఊరుకుని ఉంటే ఈ జ్వరం వచ్చేదా అని.

పిల్ల నన్ను పిన్నీ అనేది. చేపలావిడ వారానికోసారి వచ్చి పెరటి మెట్టు మీద కూర్చోగానే "అమ్మా" అని పరిగెత్తి ఆవిడ ఒళ్లో పడేది. ఆవిడ దాని జుట్టులో పేలు చూస్తూ సముద్రం కబుర్లు చెప్పేది. నేను వంటింటి గుమ్మంలో నిలబడి, నా సరుకు ఎదుటి కొట్లో వేలాడుతుంటే చూసినట్టు చూసేదాన్ని. ఆవిడకి తెలుసు. ఒకసారి పిల్ల ఆడుకోవడానికి పోయాక అంది.

"సూపులతో గుంటని నమిలేత్తన్నావు. తవుడు తిన్నదానివి, ఊరుకోవాల."

"ఈ గుంటకేటైనా అవుతాదని నీకు బయ్యం వెయ్యదేటప్పా?"

"మొగుణ్ణి సముద్రం మీదికి పంపి ఇంటికాడ కూకున్నోలికి బయ్యం కొత్తేటి? వండుకోవాల, తినాల, సూడాల."

బడిలో చేర్చినప్పుడు, మీ అమ్మ ఏం చేస్తుందని టీచరు అడిగితే, "సేపలమ్ముతాది" అంది. పక్కనే నిలబడ్డ నన్ను టీచరు ఎగాదిగా చూసింది. నేను చీర సర్దుకుని, నేను పిన్నినండీ అన్నాను. బళ్లోంచి బయటికొచ్చాక మా ఆయన నవ్వబోయి నా మొహం చూసి మానుకున్నాడు.

అయిదో ఏడు వెళ్లింది. తిరిగి కొనుక్కోవాలి. అత్త గుర్తు చేసింది. వర్షాలు తగ్గనియ్యమన్నాను. తర్వాత మంచి రోజులు లేవన్నాను. ఆవిడ ఒంట్లో బాగున్నట్టు లేదు, తర్వాత చూద్దామన్నాను. బేరం ముగించడానికి నేను వెనకాడటం ఎవరూ చూడలేదు. నిజం చెప్పాలంటే, పిల్ల ఆవిడ బిడ్డగా అయిదేళ్లు బతికింది. నా బిడ్డలు ఇద్దరిలో ఎవరూ నెల దాటలేదు. అమ్మా అనిపించుకోవాలని ఒక పక్క ప్రాణం పీక్కుపోయేది. ఆ పిలుపు విని ఎవరు తల తిప్పుతారోనని ఇంకో పక్క భయం. ఏడాది పోయింది. ఇంకొకటీ పోయింది.

రెండువేల ఆరులో ఆవిడ రావడం మానేసింది. ఆవిడ ఊరి నుంచే వచ్చే మరో చేపలామె చెప్పింది, కిడ్నీలు పోయాయని. సముద్రం వెంబడి ఉన్న మా ఉద్దానంలో అప్పటికి ఆ మాట ఊరూరా ఉంది. నీళ్లనే వాళ్లు, మందులనే వాళ్లు, కర్మ అనేవాళ్లు. ఆ చేపలామె తట్ట ఎత్తుకుంటూ కబురు కూడా చెప్పింది.

"నీ గుంటని నువ్వు తీసుకుపొమ్మంది. ఆ యమ్మ గుంటగానే ఉంచేత్తే, పోయినప్పుడు తల్లి పోయిన పిల్లయిపోతాదంట. అది మంచిది కాదంది."

ఆ మాట విన్నాక రెండు రోజులు లెక్కలు వేశాను. కొనుక్కుంటే నా బిడ్డ అవుతుంది. నా బిడ్డలు ఏమయ్యారో తెలుసు. కొనుక్కోకపోతే, పిల్ల పోబోతున్న మనిషి చెయ్యి పట్టుకుని ఉన్నట్టే. ఎటు చూసినా నష్టమే. అలాంటి బేరానికి కొట్టు మూసేసి ఇంటికి పోవాలంటాడు మా నాన్న. ఇది మూసే కొట్టు కాదు. మూడో రోజు పొద్దున పిల్లకి పేలికల గౌనే తొడిగి, కొంగున తవుడు కట్టుకుని బస్సెక్కాను. దారిలో పిల్ల కిటికీ దగ్గర కూర్చుని ఉప్పుమళ్లు చూస్తూ, అమ్మకి జ్వరమా అని అడిగింది. అవునన్నాను.

ఆవిడ ఇంటి అరుగు మీద చాప వేసుకుని పడుకుని ఉంది. కాళ్లు వాచి నున్నగా మెరుస్తున్నాయి. పక్కన చిన్న గ్లాసుతో నీళ్లు. రోజంతటికీ అవేనని కోడలు చెప్పింది. ఎదురుగా అంత సముద్రం, ఆవిడ గుటక గుటకకీ గ్లాసులోకి తొంగి చూసుకుంటోంది. పిల్ల పక్కన చేరగానే లేచి కూర్చుంది. నేను కొంగు ముడి విప్పి తవుడు చూపించాను. చూసి, కనుబొమలు ఎత్తింది.

"సోలెడు తెచ్చినావేటి? నానిచ్చింది మూటెడు గదా."

"సోలెడేనప్పా." కొంగు ఆవిడ ముందుకు జరిపాను. "అప్పుడు తప్పు సేసినాను. ఇప్పుడు సోలెడుకే ఇచ్చేయి. ఆ పాత ధర ఎవరైనా ఇనుంటే..."

ఆవిడకి నవ్వడానికి ఓపిక లేదు గాని మొహమంతా నవ్వింది.

"ఏడేల్లనుంచి ఇదేటి మోసుకు తిరుగుతున్నావు? గుంటని సవక సేద్దామని ఒచ్చినావా? సరే. సవకగానే తీసుకెల్లు. అడుగు మరి."

మూడుసార్లు అడగాలి, నా బిడ్డని నాకియ్యి అని. మొదటిసారి అడిగాను.

"ఇనపణ్ణేదు" అంది.

మళ్లీ అడిగాను.

"ఇనపణ్ణేదోలమ్మా. బేరానికి దిగితే నీ గొంతు సంత కొసదాకా ఇనపడతాదే. ఇప్పుడేటయిపోనాది?"

పిల్ల మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది. మూడోసారి అడిగాను. పెద్దగా అడిగానని చెప్పలేను. అరుగు దాటి వినపడి ఉండదు. ఆవిడకి చాలనిపించినట్టుంది. తవుడు ఒళ్లో పోసుకుని, పిల్ల చెయ్యి తీసి నా చేతిలో పెట్టి, కళ్లు మూసుకుంది. బస్సు వేళ దాకా అలాగే కూర్చున్నాం. వచ్చేటప్పుడు పిల్ల "ఎల్లొత్తానమ్మా" అంది ఆవిడతో. అలా అనకూడదని నేను చెప్పలేకపోయాను.

తర్వాత కొన్ని వారాలు పిల్ల నన్ను ఏమనీ పిలవలేదు. పిన్నీ అనొద్దన్నాం. అమ్మా అనడం దానికి రాలేదు. "ఇదిగో" అనేది. లేకపోతే వచ్చి కొంగు లాగేది. నేనూ బలవంతపెట్టలేదు. మధ్యాహ్నం అది నిద్రపోతే పక్కన కూర్చుని డొక్క ఎగసి పడటం చూసేదాన్ని. ఎవరైనా వస్తారని చూశాను. పెరటి గోడ వైపు చూశాను. ఎవరూ రాలేదు. పిల్లకి కనీసం పడిశం కూడా పట్టలేదు.

అది ఊరటగా ఉండాలి. ఉన్నట్టుండి అదే భయమై నన్ను పట్టుకుంది. గోడ పక్కన ఎవరూ లేరేమో. ఎప్పుడూ లేరేమో. నేను ఏడేళ్లు గుసగుసలాడింది, పేలికలు తొడిగింది, పిన్నీ అనిపించుకున్నది ఎవరూ నిలబడని ఒక మూల కోసమేమో. అలాగైతే ముందు పోయిన ఇద్దరినీ ఎవరూ తీసుకుపోలేదు. వాళ్లు ఊరికే పోయారు. అటువైపు ఎవరో ఉన్నారనుకున్నంత కాలం నాకు తిట్టుకోవడానికి, బతిమాలడానికి ఒక మొహం ఉండేది. అది కూడా లేకుండా పోయింది. దేనికి ఎక్కువ భయపడాలో ఇప్పటికీ నాకు తేలలేదు.

ఆవిడ పోయిన కబురు ఒక పొద్దున వచ్చింది, పెరటి గుమ్మంలోనే, మొదట కబురు తెచ్చిన ఆ చేపలామె నోటే. పిల్ల లోపల కూర్చుని బడికి వెళ్లే ముందు చద్దన్నం తింటోంది. విన్నది. ఏడుస్తుందనుకున్నాను. ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి, మింగి, కంచంలోకి చూస్తూ అడిగింది.

"అమ్మ పోయింది గదా. మరి నేనెవరి దాన్ని?"

అత్త చేస్తున్న పని ఆపి నాకేసి చూసింది. పక్కింటావిడ గోడ అవతల అంట్లు తోముతోంది. వీధి తలుపు తీసే ఉంది. పట్టపగలు, ఎండ నడింట్లోకి వచ్చి పడింది. గుసగుసగా చెప్పి ఉండొచ్చు. పిల్ల దగ్గరికి వెళ్లి చెవిలో చెప్పి ఉండొచ్చు.

"నాదానివి" అన్నాను. "నా కూతురివి."

ఎంత పెద్దగా అన్నానో పక్కింట్లో అంట్ల చప్పుడు ఆగితే గాని తెలియలేదు. అత్త చెయ్యి నోటి దగ్గరికి వెళ్లింది. నేను అక్కడే నిలబడ్డాను, ఏదో ఒకటి జరగడానికి చోటిస్తున్నట్టు. ఏమీ జరగలేదు. అవతల అంట్ల చప్పుడు మళ్లీ మొదలైంది. పిల్ల సరేనని తలూపి, కంచం అక్కడే వదిలేసి చెప్పులు వెతుక్కోవడానికి పోయింది. ఒకటి దొరికింది, రెండోది దొరకలేదు. మంచం కిందికి దూరి, నేనెక్కడున్నానో చూడకుండానే పిలిచింది.

"అమ్మా, ఇంకోటేది?"

పలికే ముందు తల తిప్పి పెరటి గోడ వైపు చూశాను.